కనపడకూడని పొడి: సెట్టింగ్ పౌడర్ వెనకున్న పెద్ద కథ

గత ఎపిసోడ్ చూసినవాళ్లు చాలామంది ఒకటే అడిగారు. ట్రాన్స్‌లూసెంట్ పౌడర్ డబ్బాలో తెల్లగా ఉంటుంది, ముఖం మీద వేస్తే మాయమైపోతుంది, అద్దంలో చూస్తే అంతా బాగానే ఉంటుంది. కానీ ఫంక్షన్‌లో ఎవరో ఫ్లాష్ కొట్టి ఫోటో తీస్తే కళ్ల కింద సున్నం కొట్టినట్టు తెల్లటి మచ్చలు. ఎందుకలా? అని. దీనికి ఒక్క వాక్యంలో జవాబు చెప్పేయొచ్చు. కానీ అసలు జవాబు తెలియాలంటే చాలా వెనక్కి, సీసం ముక్కల్ని కుండల్లో పెట్టి పూడ్చిన రోజుల దాకా వెళ్లాలి. ఇవాళ అక్కడికి వెళ్దాం. తిరిగొచ్చేటప్పుడు పౌడర్ ఎలా అద్దుకోవాలో కూడా చూద్దాం.

ముందు సెట్టింగ్ పౌడర్ అంటే ఏంటో తెలియనివాళ్ల కోసం. ఫౌండేషన్, కన్సీలర్ లాంటి తడి పూతలు వేశాక వాటి మీద అద్దే పల్చటి పొడి ఇది. చర్మం నుంచి ఊరే జిడ్డుని పీల్చుకుంటుంది, పూత జారకుండా పట్టి ఉంచుతుంది. మేకప్ పెట్టెలో ఇంత విచిత్రమైన వస్తువు ఇంకోటి లేదని నాకనిపిస్తుంది. లిప్‌స్టిక్ కనపడాలని వేసుకుంటాం. కాటుక కనపడాలని పెట్టుకుంటాం. ఇదొక్కటే కనపడకూడదని వేసుకుంటాం. డబ్బులిచ్చి మరీ కొనుక్కుని!

కనపడకూడదు అంటే ఎవరికి కనపడకూడదు? కంటికా, కెమెరాకా? ఏ లైటు కింద? ఏ రంగు చర్మం మీద? పౌడర్ చరిత్ర మొత్తం ఈ ప్రశ్నల చుట్టూనే తిరిగింది.

మొదట్లో మాత్రం కథ పూర్తిగా తిరగేసి ఉండేది. పౌడర్ కనపడాలి, దూరం నుంచి కూడా కనపడాలి. కాళిదాసు మేఘదూతంలో అలకాపురి స్త్రీలు లొద్దుగ పూల పొడి ముఖానికి అద్దుకుంటారు, ఆ పొడికి ముఖాలు తెల్లబారతాయి. అది పూల పొడి, పాపం, దానివల్ల ఎవరికీ ఏ హానీ లేదు. గ్రీకులు వాడింది వేరే. సీసం ముక్కని పులిసిన వెనిగర్ దగ్గర పెడితే కొన్నాళ్లకి దాని మీద తెల్లటి పొర కడుతుంది. ఆ పొరని గీకి, నూరి, కడిగి, ఆరబెడితే మెత్తటి తెల్ల పొడి. క్రీస్తు పూర్వమే థియోఫ్రాస్టస్ అనే గ్రీకు పండితుడు రాళ్ల గురించి రాసిన పుస్తకంలో ఈ తయారీ విధానం చెప్పాడు. అప్పటి స్త్రీల సమాధుల్లో ఈ తెల్ల సీసం బిళ్లలు దొరికాయి కూడా. రోమన్లు దీన్నే సెరూసా అన్నారు. తర్వాత యూరప్‌లో వెనిస్ నుంచి వచ్చే సెరూస్‌కి మంచి పేరు, మంచి ధర. తలుపులకీ బొమ్మలకీ వేసే తెల్ల పెయింట్ కూడా ఇదే పదార్థం. అంటే గోడకి వేసేది ముఖానికి వేసుకున్నారన్నమాట, నేను ఎగతాళికి అనట్లేదు.

తెలిసి తెలిసి ఎందుకు వేసుకున్నారు? రెండు కారణాలు. ఒకటి, మశూచి. మచ్చలు పడని ముఖం దొరకడమే కష్టమైన కాలం అది. ఇంగ్లండ్ రాణి మొదటి ఎలిజబెత్‌కి 1562లో మశూచి వచ్చింది. ఆ మచ్చలు కప్పడానికే ఆమె తెల్ల పూత వాడిందని చెబుతుంటారు. రెండోది, ఇది మనం తరచూ మర్చిపోయేది, వెలుతురు. రాత్రి పూట సభ అంటే కొవ్వొత్తులే. ఆ పసుపు వెలుగులో, పది అడుగుల దూరంలో, మామూలు ముఖం చీకట్లో కలిసిపోతుంది. సీసం తెలుపు మాత్రం వెలుగుని గట్టిగా వెనక్కి కొడుతుంది. పగటి ఎండలో ఆ ముఖం బొమ్మలా ఉంటుంది, కొవ్వొత్తి ముందు మెరుస్తుంది. ఆ పూత తయారైంది కొవ్వొత్తి కోసం.

ఆ మెరుపుకి వెల కట్టింది ఒంటితోనే. మరియా గన్నింగ్ అని 18వ శతాబ్దపు లండన్‌లో పేరుమోసిన అందగత్తె, కవెంట్రీ ఎర్ల్ భార్య. 1760లో 27 ఏళ్లకే చనిపోయింది. క్షయ అన్నవాళ్లూ ఉన్నారు గానీ, ముఖానికి పూసుకున్న సీసమే ఆమె ప్రాణం తీసిందని ఆ కాలంలోనే జనం చెప్పుకున్నారు. సీసంతో ఇంకో తిరకాసు ఉంది. అది చర్మాన్ని పాడుచేస్తుంది. పాడైన చర్మాన్ని కప్పడానికి ఇంకాస్త సీసం. ఆ సుడిలో పడ్డాక బయటికి రావడం ఎలా?

సీసం కథలో నన్ను బాగా ఆపేసిన ఘట్టం మాత్రం యూరప్‌ది కాదు, జపాన్‌ది. అక్కడ ముఖం తెల్లపొడిని ఒషిరోయి అంటారు. కబుకి నాటకాల్లో ఆడ వేషాలు కూడా మగవాళ్లే వేస్తారు, ముఖం, మెడ, చేతులు అన్నీ తెల్లగా పూసుకుని. అక్కడా కొవ్వొత్తుల వెలుగే కదా, తెల్లగా లేకపోతే వెనక కూర్చున్నవాడికి నటుడి ముఖకవళికలు అందవు. 1887లో మీజీ చక్రవర్తి మొదటిసారి కబుకి చూడటానికి వచ్చాడు. ఇంతకంటే పెద్ద రోజు ఆ నటులకి ఇంకోటి ఉండదు. ఆ రోజు వేదిక మీద నకమురా ఫుకుసుకే అనే యువ నటుడి కాలు వణకడం మొదలైంది. ఆగలేదు. భయం వల్ల కాదు. ఏళ్ల తరబడి పూసుకున్న సీసం ఒంట్లోకి దిగి నరాల్ని తినేసింది. ఇతనే తర్వాత ఐదో నకమురా ఉతాఎమోన్‌గా జపాన్‌లో మహానటుడు అనిపించుకున్నాడు.

చక్రవర్తి ముందు జరిగింది కాబట్టి దేశమంతా మాట్లాడుకుంది. అంతకుముందు ఎంతమంది నటులు, ఎంతమంది గీషాలు ఇలా వణికి ఉంటారో, వాళ్లని ఎవరు చూశారు? ఆ తర్వాత సీసం లేని ఒషిరోయి తయారుచేసే ప్రయత్నాలు ఊపందుకున్నాయి, 20వ శతాబ్దం మొదట్లో అవి బజారుకి వచ్చాయి. అయినా సీసం పొడి పూర్తిగా పోవడానికి 1930ల దాకా పట్టింది. ఎందుకంటే అది చర్మానికి అద్భుతంగా అంటుకునేది, చెమటకి కారేది కాదు. లాంగ్ లాస్టింగ్ అని ఇవాళ డబ్బా మీద రాస్తారే, ఆ గుణం సీసానికి పుష్కలంగా ఉండేది. బాగా నిలిచే మేకప్ అనగానే నాకు ఆ వణికే కాలు గుర్తొస్తుంది.

యూరప్ వైపు 19వ శతాబ్దంలో గాలి మారింది. విక్టోరియా రాణి కాలపు ఇంగ్లండ్‌లో ముఖానికి రంగేసుకోవడం అంటే నాటకాల ఆడవాళ్ల పని, పరువైన ఇంటి ఆడవాళ్లు చేయరు అనే మాట బలపడింది. మన దగ్గర ముఖానికి రంగేసుకున్నాడు అంటే నాటకాల్లో చేరాడనే అర్థం కదా, అలాగే. కానీ ముఖం మీద జిడ్డు మెరవకూడదు, అదీ పరువు తక్కువే! ఇక ఏం చేస్తారు? కనపడకుండా పౌడర్ వేస్తారు. సెట్టింగ్ పౌడర్ ఆలోచన నిజంగా పుట్టింది ఇక్కడే అని నా అభిప్రాయం. ఫ్రాన్స్‌లో బియ్యప్పిండితో చేసిన పౌడర్లు, పూద్ర్ ద రీ అంటారు, బాగా అమ్ముడుపోయాయి. బూర్జువా కంపెనీ 1879లో తెచ్చిన జావా బియ్యం పౌడర్ దేశదేశాలకి వెళ్లింది. బియ్యప్పిండి జిడ్డునీ తడినీ రెండిటినీ పీలుస్తుంది, ముఖానికి పండు మీద ఉండే నూగులాంటి మెత్తదనం ఇస్తుంది. ఇంగ్లండ్‌లో అయితే పౌడర్ అద్దిన చిన్న కాగితాల పుస్తకాలు వచ్చాయి. ఒక ఆకు చింపి ముక్కు మీద ఒత్తుకుంటే చాలు, హ్యాండ్‌బ్యాగ్‌లో పౌడర్ డబ్బా ఉందని ఎవరికీ తెలియదు. జపాన్ వాళ్లది ఇంకా తెలివైన పద్ధతి. బంగారు రేకు పల్చగా కొట్టేటప్పుడు మధ్యలో పెట్టే కాగితం జిడ్డుని బాగా పీలుస్తుందని కనిపెట్టి, ఆ కాగితంతోనే ముఖం ఒత్తుకునేవాళ్లు. ఇప్పుడు మనం కొనే బ్లాటింగ్ పేపర్లకి అదే పెద్దమ్మ.

తర్వాత టాల్క్ వచ్చింది. ఖనిజాలన్నిటిలో మెత్తనిది. మోస్ కొలబద్ద మీద దాని గట్టిదనం 1, వజ్రానిది 10. సూక్ష్మదర్శినిలో చూస్తే పలకలు పలకలుగా ఉంటుంది, ఒకదాని మీద ఒకటి జారిపోతుంది. పౌడర్ వేళ్ల మధ్య పట్టులా జారేది అందుకే. దానికి కాస్త జింక్ ఆక్సైడ్ కలిపితే మచ్చలు కప్పుతుంది, తర్వాత కాలంలో టైటానియం డయాక్సైడ్ కూడా ఆ పనికొచ్చింది. కాస్త చీనామట్టి చెమట కోసం. కాస్త జింక్ స్టియరేట్ చర్మానికి అంటుకోవడం కోసం. వంద ఏళ్లయినా వంటకం పెద్దగా మారలేదు. మీ దగ్గరున్న డబ్బా వెనక చదవండి, వీటిలో కొన్నయినా కనిపిస్తాయి.

మన ఇళ్లలోకి ఇది ఎలా వచ్చిందో చెప్పాలి. అమ్మమ్మల కాలంలో స్నో, పౌడర్ అని జంటగా అనేవాళ్లు, గుర్తుందా? పెళ్లిచూపులంటే స్నో రాసి పౌడర్ అద్దడమే. స్నో అంటే వ్యానిషింగ్ క్రీమ్. బొంబాయిలో 1919లో మొదలైన అఫ్ఘన్ స్నోతో ఆ పేరు మన దేశంలో స్థిరపడిపోయింది. అందులో ముఖ్యమైంది స్టియరిక్ ఆమ్లం. రాస్తే తెల్లగా కనిపించి, రుద్దగానే మాయమై, చర్మం మీద పల్చటి, మెరుపు లేని పొర వదులుతుంది. ఆ పొర మీద పౌడర్ అతుక్కుంటుంది. విదేశాల్లో కూడా ఈ క్రీముల్ని పౌడర్ కింద రాసుకోమనే ప్రకటనలు ఇచ్చేవాళ్లు. అంటే ఇప్పుడు మనం ప్రైమర్, సెట్టింగ్ పౌడర్ అంటున్నదాన్ని మన అమ్మమ్మలు ఏ యూట్యూబ్ లేకుండా చేసేశారు. కాకపోతే ఆ పౌడర్ రంగు వాళ్ల ముఖాలది కాదు. తెలుపు, లేదా లేత గులాబీ. చామనఛాయ ముఖం మీద అది బూడిద రాసినట్టు ఉండేది, అదే అందం అనుకున్నారు. లేదా అదొక్కటే దొరికింది. 1952లో లాక్మే మొదలైంది. విదేశీ సౌందర్య సాధనాల మీద డబ్బు బయటికి పోతోందని నెహ్రూ టాటాలని అడిగితే పెట్టారని చెబుతారు. సరుకు దేశంలో తయారైంది గానీ, రంగుల సమస్య ఒక్కరోజులో తీరేది కాదు.

ఈ రంగుల సమస్యని అమెరికాలో ఒకాయన మనకంటే చాలా ముందే పట్టుకున్నాడు. ఆంథొనీ ఓవర్టన్, బానిసత్వంలో పుట్టిన నల్లజాతి వ్యాపారి. 1898లో కాన్సాస్ సిటీలో కంపెనీ పెట్టాడు. బేకింగ్ పౌడర్ లాంటి వంటసామాన్లతో మొదలుపెట్టి, హై బ్రౌన్ ఫేస్ పౌడర్ అని నల్లజాతి స్త్రీల చర్మం రంగుకి సరిపోయే పౌడర్ అమ్మాడు. దుకాణాల్లో ఉన్న పౌడర్లన్నీ తెల్ల ముఖాలకే తయారవుతున్న రోజుల్లో! 1911లో షికాగోకి మారి, తర్వాత పత్రిక, బ్యాంకు కూడా నడిపాడు. జపాన్‌లో షిసెయిదో 1917లో ఏడు రంగుల ముఖం పౌడర్ తెచ్చింది. తెలుపు ఒక్కటే కాకుండా పసుపు, ఆకుపచ్చ, ఊదా కూడా. ఇప్పుడు బనానా పౌడర్ అనీ కలర్ కరెక్టింగ్ అనీ కొత్తగా అమ్ముతున్నారు చూడండి, ఆ ఆలోచనకి వందేళ్లు దాటాయి.

ఇక సినిమా. ఇక్కడినుంచి పౌడర్‌కి యజమాని మారిపోయాడు. అప్పటిదాకా మనిషి కన్ను, ఇప్పుడు ఫిల్మ్.

మూకీల కాలంలో వాడిన ఆర్థోక్రొమాటిక్ ఫిల్మ్‌కి ఎరుపు దాదాపు కనపడదు. ఎర్రటిదేదైనా నల్లగా పడుతుంది, నీలం తెల్లగా పోతుంది. బుగ్గలు ఎర్రగా ఉన్న మనిషిని తీస్తే తెర మీద మసి పూసినట్టు కనిపించేవాడు. అందుకే దట్టంగా పూతలు వేసేవాళ్లు. పోలండ్ నుంచి అమెరికా వలసవచ్చిన మాక్స్ ఫ్యాక్టర్ అనే విగ్గుల మేకప్ పనివాడు 1908లో లాస్ ఏంజెలెస్ చేరాడు. నాటకాలకి వాడే గట్టి గ్రీజ్ పెయింట్ ముఖం మీద పగుళ్లు తీస్తోందని, 1914లో సినిమాకని పల్చటి గ్రీజ్ పెయింట్ చేశాడు. నాటకంలో పగులు వెనక బెంచీకి కనపడదు. క్లోజప్‌లో అది కాలువంత కనిపిస్తుంది.

తర్వాత ఏమైందంటే, సినిమాకి మాట వచ్చింది. పాత ఆర్క్ దీపాలు బుయ్యిమని శబ్దం చేస్తాయి, మైకు పట్టేస్తుంది. కాబట్టి చప్పుడు లేని టంగ్‌స్టన్ బల్బులు పెట్టారు. అవి ఎర్రటి వెలుగు, పైగా పొయ్యిలా వేడి. ఆ వెలుగుకి తగ్గట్టు అన్ని రంగులూ చూసే పాంక్రొమాటిక్ ఫిల్మ్ వాడుకలోకొచ్చింది. పాత మేకప్ మొత్తం ఒక్కసారిగా పనికిరాకుండా పోయింది. మాక్స్ ఫ్యాక్టర్ 1928లో పాంక్రొమాటిక్ మేకప్ అని కొత్త శ్రేణి తెచ్చాడు. చూశారా, శబ్దం మారితే పౌడర్ మారింది! సంబంధం లేదనుకునే విషయాలు ఇలా ముడిపడతాయి.

టెక్నికలర్ వచ్చాక ఇంకో గొడవ. గ్రీజ్ పెయింట్ మెరుస్తుంది, మెరుపు పక్కనున్న రంగుల్ని పట్టుకుంటుంది. ఎర్ర పరదా పక్కన నిలబడితే చెంప ఎర్రగా, పచ్చ చీర కడితే గడ్డం కింద పచ్చగా. దీనికి విరుగుడుగా వచ్చిందే పాన్-కేక్. పూత, పౌడర్ రెండూ కలిపి బిళ్లగా చేసి చదునైన డబ్బాలో పెట్టారు. తడి స్పాంజ్‌తో రుద్ది ముఖానికి రాస్తే మెరుపే ఉండదు. వోగ్స్ ఆఫ్ 1938 అనే సినిమాలో దీని పేరు మార్మోగింది, సినిమా విడుదలైంది మాత్రం 1937లో. షూటింగ్ అయ్యాక నటీమణులు డబ్బాలు ఇంటికి పట్టుకుపోతున్నారని తెలిసి, అందరికీ అమ్మడం మొదలుపెట్టారట. ప్రపంచమంతా అమ్ముడైంది.

ప్రపంచమంతా అంటే మద్రాసు కూడా. సీబీఎస్‌ఈలో పన్నెండో తరగతి ఇంగ్లిష్ చదివినవాళ్లు ఈపాటికి గుర్తుపట్టి ఉంటారు. పోయెట్స్ అండ్ పాన్‌కేక్స్ పాఠం! రాసింది అశోకమిత్రన్, సికింద్రాబాద్‌లో పుట్టి మద్రాసు వెళ్లి తమిళంలో పెద్ద రచయిత అయినవాడు. జెమినీ స్టూడియోలో ఆయన ఉద్యోగం పేపర్ కటింగులు కత్తిరించి ఫైళ్లలో పెట్టడం. జెమినీ అంటే మన బాలనాగమ్మ తీసిన స్టూడియోనే. అక్కడ పాన్-కేక్ లారీలకొద్దీ కొనేవాళ్లని రాశాడు. మేకప్ గది నిండా నిలువుటద్దాలు, వాటి చుట్టూ నలువైపులా బల్బులు, ఆ వేడిలో కూర్చుని పూయించుకోవాలి. ఆ విభాగంలో బెంగాలీ, మరాఠీ, కన్నడిగుడు, ఒక ఆంధ్రుడు, ఆంగ్లో బర్మీస్, తమిళులు, ఇలా దేశమంతా ఉండేదని చెబుతాడు.

ఆ పాఠంలో నవ్వించే భాగాలు చాలా ఉన్నాయి. నేను ఆగింది వేరే చోట. మేకప్‌లో కూడా తరగతులు. హీరో హీరోయిన్లకి పెద్ద మేకప్‌మ్యాన్, రెండో వరస వాళ్లకి అతని అసిస్టెంట్, కమెడియన్‌కి జూనియర్. గుంపులో నిలబడేవాళ్లకి? ఆఫీస్ బాయ్. పేరుకే బాయ్, వయసు నలభై దాటింది. పెద్ద పాత్రలో రంగు కలిపి, వరసగా ఒక్కో ముఖానికి పూసేస్తాడు, చర్మంలో ఒక్క రంధ్రం కూడా మిగలకుండా. అంటే పాతికమంది పాతిక రంగుల మనుషులు, అందరికీ ఒకటే బాల్చీ. మీ షేడ్ ఏంటి అని అడిగేవాడు లేడు. నాలుగు దశాబ్దాల పాటు మన తెర మీద గుంపు ముఖాలన్నీ ఒకే ఇటుక రంగులో ఎందుకుంటాయా అనుకునేవాణ్ణి, ఆ బాల్చీ గురించి చదివాక ఇక అనుకోలేదు.

హాలీవుడ్‌లో ఇదే విషయం ఇంకా చేదుగా జరిగింది. లీనా హోర్న్ అని గొప్ప గాయని, నల్లజాతి నటి. ఎంజీఎం స్టూడియోలో చేరాక ఆమె మరీ తెల్లగా కనిపిస్తోందని, తెర మీద నల్లజాతి మనిషిలా కనిపించాలని మాక్స్ ఫ్యాక్టర్ కంపెనీ చేత లైట్ ఈజిప్షియన్ అనే రంగు చేయించారు. తర్వాత మిశ్రజాతి స్త్రీల పాత్రలు వచ్చినప్పుడు, ఆ రంగు తెల్ల నటీమణులకి పూసి ఆ పాత్రలు వాళ్లకే ఇచ్చారు. తన కోసం చేసిన రంగుతోనే తన అవకాశాలు పోయాయని ఆమె తర్వాత చెప్పుకుంది. ఒక డబ్బా మేకప్‌లో ఇంత అన్యాయం పడుతుందా అంటే, పట్టింది మరి.

స్టిల్ ఫోటోల్లోనూ అంతే. కలర్ ఫోటోలు కడిగే ల్యాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి కోడాక్ ఒక నమూనా ఫోటో పంపేది. షిర్లీ కార్డ్ అంటారు. అందులో ఉండేది తెల్లజాతి యువతి. ఆమె చర్మం సరిగ్గా వస్తే చాలు, మిషన్ సరిగ్గా ఉన్నట్టే లెక్క. మిగతా ప్రపంచం ముఖాలు ఎలా వస్తే అలా. మన పాత పెళ్లి ఆల్బమ్‌లు తీసి చూడండి. మా ఇంట్లో ఉన్నదాంట్లో పెళ్లికూతురి ముఖం ఒక రంగు, మెడ ఒక రంగు, చేతులు ఇంకో రంగు. దాంట్లో సగం తప్పు పౌడర్‌ది, సగం వీడియో లైటు పట్టుకుని ముఖం మీదకే వచ్చేసిన అబ్బాయిది అని మా పెద్దమ్మ తీర్పు. నేను మూడో ముద్దాయిని కూడా చేరుస్తాను, ఆ ఫిల్మ్ ఎవరి ముఖానికి కొలిచి చేశారో ఆ కొలత.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి రావచ్చు. హెచ్‌డీ కెమెరాలు వచ్చాక పాత పౌడర్‌లో ప్రతి రేణువూ కనపడటం మొదలైంది. దానికి మందుగా సిలికా పౌడర్లు తెచ్చారు. సిలికా అంటే ఇసుకలో ఉండే పదార్థమే, కానీ ఇక్కడ సన్నటి గుండ్రటి బంతుల రూపంలో. జిడ్డు అద్భుతంగా పీలుస్తుంది, వెలుగుని అన్ని దిక్కులకీ చెదరగొట్టి గీతల్ని మసకబారుస్తుంది. సినిమా సెట్‌లో లైట్లు పక్కలనుంచి, పైనుంచి వస్తాయి కాబట్టి బ్రహ్మాండంగా పనిచేసింది. కానీ ఫోటో ఫ్లాష్ అలా కాదు. లెన్స్ పక్కనుంచే సూటిగా వచ్చి ముఖాన్ని కొడుతుంది, పౌడర్ ఎక్కువున్న చోటినుంచి సూటిగా లెన్స్‌లోకి తిరిగొస్తుంది. అక్కడ తెల్లటి మచ్చ. 2010 అటూ ఇటూ పెద్దపెద్ద తారలు కూడా ఎర్ర తివాచీ మీద ఇలా దొరికిపోయారు. వాళ్ల అద్దంలో ఏ తప్పూ లేదు. పౌడర్ ఒక కెమెరా కోసం చేశారు, ఫోటో ఇంకో కెమెరా తీసింది. కొవ్వొత్తి కోసం చేసిన ముఖం ఎండలోకి వస్తే ఎలా ఉంటుందో, అదే.

సరే, మరి అద్దుకునేది ఎలా? రంగస్థలం వాళ్ల పాత పద్ధతి ఇప్పటికీ ఉత్తమం. అద్దాలి, రుద్దకూడదు. రుద్దితే కింద పూత కదిలి చారలు పడుతుంది. కళ్ల కింద కన్సీలర్ గీతల్లోకి చేరి ఉంటే ముందు వేలి కొసతో సర్ది, అది మళ్లీ ముడుచుకునే లోపే పౌడర్ పెట్టండి. మెత్తటి పఫ్ మీద చిటికెడు తీసుకుని, పఫ్‌ని మడిచి రెండు వైపులా నలిపితే పొడి లోపలికి దిగుతుంది. అప్పుడు ఒత్తండి. నుదురు, ముక్కు, గడ్డం దగ్గర కాస్త ఎక్కువ, బుగ్గల మీద దాదాపు ఏమీ వద్దు. ఒక్క క్షణం ఆగి పెద్ద మెత్తటి బ్రష్‌తో మిగిలింది దులిపేయండి. బేకింగ్ అని కళ్ల కింద దట్టంగా పోసి అయిదు పది నిమిషాలు ఉంచుతారే, అది వేదిక మీద బలమైన లైట్ల కింద డ్రాగ్ కళాకారులు వాడుకున్న పద్ధతి. మధ్యాహ్నం రిజిస్టర్ ఆఫీసులో పెళ్లికి అది ఎందుకండీ?

విజయవాడ మే నెలలోనో విశాఖ ఉక్కలోనో ఉంటే ఇంకో సంగతి. పౌడర్ జిడ్డుతో స్నేహం చేస్తుంది, చెమటతో ముద్ద అయిపోతుంది. ముఖం మెరిసింది కదా అని తడి మీదే ఇంకో పొర వేస్తే గడ్డలు కడుతుంది. ముందు టిష్యూతోనో బ్లాటింగ్ పేపర్‌తోనో ఒత్తి తీసేయండి, ఆ తర్వాత కావాలనిపిస్తే చిటికెడు.

రంగు విషయం. ట్రాన్స్‌లూసెంట్ అందరికీ సరిపోతుందని డబ్బా మీద రాస్తారు. చామనఛాయకీ, నల్లటి చర్మానికీ తెల్ల పొడి ఎంత పల్చగా వేసినా కొంచెం బూడిద ఛాయ వస్తుంది. పసుపు, తేనె, పీచ్ ఛాయలున్న పౌడర్లు ఇప్పుడు దొరుకుతున్నాయి, అవి తీసుకోండి. 2017లో ఫెంటీ బ్యూటీ 40 షేడ్ల ఫౌండేషన్‌తో వచ్చి మిగతా కంపెనీలని పరిగెత్తించాక దుకాణాల్లో వరసలు కాస్త పొడవయ్యాయి.

ఇంకొక్కటి. సీసం పోయింది కదా, అంతా క్షేమమేనా అంటే, టాల్క్ గురించి కోర్టుల్లో ఏళ్లుగా పోట్లాట నడుస్తోంది. భూమిలో టాల్క్ ఉన్నచోటే ఆస్బెస్టాస్ కూడా దొరుకుతుంది, అది కలిసిపోతే ప్రమాదం. జాన్సన్ అండ్ జాన్సన్ తన పౌడర్ సురక్షితమనే అంటూ, 2020లో అమెరికా, కెనడాల్లోనూ, 2023 నుంచి ప్రపంచమంతటా బేబీ పౌడర్‌లో టాల్క్ ఆపేసి మొక్కజొన్న పిండికి మారింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 2024లో టాల్క్‌ని బహుశా క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది. సీసంతో దీన్ని ఒకే గాటన కట్టలేం, రోజూ చిటికెడు వాడేవాళ్లు భయపడిపోవాల్సిన పని లేదు. కానీ పౌడర్ గాల్లోకి దులపకండి, ఊపిరి బిగబట్టి అద్దుకోండి, పసిపిల్లల ముఖం దగ్గర డబ్బా అసలు విదిలించకండి. రోజుకి పదిమందికి పౌడర్ వేసే బ్యూటీషియన్లు మాస్క్ పెట్టుకుంటే మంచిది. ఆ పొడి మనకంటే ఎక్కువ పీల్చేది వాళ్లే.

ఇక ఫంక్షన్‌కి బయల్దేరే ముందు ఒక నిమిషం. గదిలో లైట్లు ఆపేసి, బ్యూటీ ఫిల్టర్ తీసేసి, ఫోన్‌లో వెనక కెమెరాతో ఫ్లాష్ వేసి ఎవరిచేతనైనా ఒక ఫోటో తీయించండి. సెల్ఫీ కెమెరా వద్దు, అది తనంతట తానే నునుపు చేసేసి నిజం దాస్తుంది. ఎక్కడైనా తెల్లటి మచ్చ కనిపిస్తే అక్కడ ఇంకా పౌడర్ వేయకండి. కాస్త తడిపి గట్టిగా పిండిన స్పాంజ్‌తో ఆ చోట ఒత్తి, మళ్లీ ఒక ఫోటో తీయించి చూసుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో కాటుక గురించి మాట్లాడుకుందాం, దాంట్లోనూ సీసం కథ ఒకటుంది. ఉంటాను.